రోజుకు రెండుసార్లు గజేంద్రమోక్షం

పురాణంలో గజేంద్రుడికి మోక్షం ఒక్కసారే దొరికింది. అదీ మొసలితో వెయ్యేళ్లు పెనుగులాడాక. థాయ్‌లాండ్ ఏనుగు అంతకంటే అదృష్టం చేసుకుని పుట్టింది. దానికి రోజూ రెండుసార్లు మోక్షం. పొద్దున ఎనిమిదిన్నరకు ఒక వ్యాను, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంకో వ్యాను. ఒక్కో వ్యానులోంచి పదేసి మంది విష్ణుమూర్తులు దిగుతారు. శంఖచక్రాల స్థానంలో సెల్ఫీ కర్రలు, పీతాంబరం స్థానంలో ఏనుగు బొమ్మలు అచ్చేసిన బుడగ పైజామాలు. కొందరు ఒక పూట ఉద్ధరించి వెళ్లిపోతారు. భక్తి ముదిరినవాళ్లు వారమో రెండు వారాలో పక్క పల్లెలోనే మకాం వేసి తీరిగ్గా ఉద్ధరిస్తారు. ఈ రెండో రకాన్ని వాలంటీర్లంటారు. ఆంధ్రాలో వాలంటీరంటే నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం తీసుకుని ఇంటింటికీ పింఛను పంచినవాడు గుర్తొస్తాడు. ఇతను వేరు. ఇతను ఎదురు డబ్బు కట్టి పనిచేస్తాడు.

ఆ పల్లె సంగతి చూద్దాం. చియాంగ్ మాయ్ నగరం దాటి మే వాంగ్, మే తేంగ్, మే చేమ్ కొండల్లోకి వెళ్తే కరెన్ తెగవాళ్ల ఊళ్లు వస్తాయి. ఏనుగుల్ని సాకడం వాళ్లకు తాతల నాటి విద్య. ఇళ్లు గుంజల మీద ఎత్తుగా ఉంటాయి, కింద కోళ్లు, పైన మనుషులు. వాలంటీరుకు ఆ పైన ఒక పరుపు, ఒక దోమతెర ఇస్తారు. తిరిగొచ్చాక అతను రాసుకునే అనుభవాలు చదవాలి. తెల్లవారుజామున కోడి కూసిందట! తొట్టిలో నీళ్లు చెంబుతో ముంచుకుని పోసుకున్నాడట! రాత్రి కరెంటు పోతే అందరూ ఆరుబయట కూర్చుని కబుర్లు చెప్పుకున్నారట! అసలు జీవితమంటే ఏమిటో అక్కడే తెలిసిందట. ఈ జీవిత సత్యం మా కోనసీమ పల్లెల్లో మొన్నమొన్నటిదాకా ఇంటింటా దొరికేది, పైగా ఉచితం. ఆ ఇంటి ఇల్లాలు మాత్రం ఈ జ్ఞానోదయాన్ని కళ్లారా చూడలేకపోయింది. వాలంటీరు నిద్ర లేచేసరికే ఆమె మొక్కజొన్న చేలో ఉంది.

సేవలో మొదటి అంకం, మందు ఉండలు చేయడం. మగ్గిన అరటిపండ్లు, చింతపండు, ఉప్పు, ఉడికిన అన్నం రోట్లో వేసి రోకలితో దంచాలి. ఏనుగు అరుగుదలకు మంచిదంటారు. రోకలి పట్టడం జన్మలో తెలియని చేతులు కాబట్టి మొదటి పోటుకే చింతపండు గుజ్జు ముఖాన చిమ్ముతుంది. ఫోటో. రెండో పోటు. ఫోటో. చివరికి కొబ్బరికాయంత ఉండ తయారవుతుంది. దాన్ని తొండానికి అందిస్తే ఏనుగు నోట్లో వేసుకుని, ఇంకోటేదని మళ్లీ తొండం చాస్తుంది. దాన్ని మనవాడు కృతజ్ఞత అనుకుంటాడు. ఏనుగు చెంప మీద తడి చార కనిపిస్తే ఇంక చెప్పనక్కర్లేదు, అతనికీ గొంతు పూడుకుపోతుంది. కంటినీరు ముక్కులోకి దిగే నాళం ఏనుగుకు ఉండదు. అందుకని ఆ నీరు ఎప్పుడూ చెంపల మీదికే కారుతుంటుంది, మీరొచ్చినా కారుతుంది, మీరు పోయినా కారుతుంది. ఈ ముక్క చెబితే ఫోటో కింద రాసుకోవడానికి ఏమీ మిగలదు కనక గైడు చెప్పడు.

రెండో అంకం, లద్దె ఎత్తడం. పెద్ద ఏనుగు రోజుకు 150 నుంచి 200 కిలోల మేత మేస్తుంది. మేసినదాంట్లో సగం కూడా అరగదు. మిగతాది ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా? రోజుకు క్వింటాలు లెక్కన పోగుపడుతుంది. పారలు, తట్టలు, రబ్బరు బూట్లు క్యాంపువాళ్లే ఇస్తారు. అమెరికాలో పుట్టి పెరిగిన మన మనవడు ఒకడు ఆ పార పట్టుకుని వీడియో కాల్‌లో అమ్మమ్మకు కనిపించాడనుకుందాం.

"ఏం చేస్తున్నావు నాయనా అక్కడ?"

"ఏనుగు లద్దె ఎత్తుతున్నా అమ్మమ్మా."

"అయ్యో నా తండ్రీ! కూలి ఎంతిస్తున్నారు?"

"వాళ్లివ్వరు, మనమే కట్టాలి. డాడీ డాలర్లలో కట్టేశాడు."

"మరి పోయినేడు వచ్చినప్పుడు మన గేదెల కొట్టం వైపు రమ్మంటే వాసనని ముక్కు మూసుకున్నావు కదరా?"

అమ్మమ్మకు లోకజ్ఞానం తక్కువ. గేదె పేడ అప్లికేషన్‌లో రాసుకోవడానికి పనికిరాదని ఆమెకెవరు చెబుతారు?

అవును, అసలు కథ ఆ అప్లికేషన్‌దే. అమెరికాలో పేరున్న కాలేజీలో సీటు కావాలంటే మార్కులొక్కటే చాలవు. సమాజానికి నువ్వేం చేశావో చెప్పు, నీ మీద వ్యాసం రాయి అంటారు. డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా మనవాళ్లు ఈ సంగతి ఆలస్యంగా కనిపెట్టారు గానీ, కనిపెట్టాక ఆగలేదు. స్పెల్లింగ్ బీ పాతబడింది, కూచిపూడి అరంగేట్రం అందరికీ అయిపోయింది, ఇప్పుడు వేసవి సెలవుల్లో సేవ. హైదరాబాద్‌లో ఐబీ సిలబస్ చెప్పే బళ్లలోనైతే సేవ పాఠ్యప్రణాళికలోనే ఉంది, అది పూర్తి చేయకపోతే డిప్లొమా చేతికి రాదు. సేవ గంటల్లో లెక్క తేలాలి, ఫోటోల్లో కనపడాలి, వ్యాసంలో పండాలి. వీధి చివరి వృద్ధాశ్రమంలో ఆదివారం గడిపితే మొదటి రెండూ కుదురుతాయి, మూడోది కుదరదు. ఏనుగైతే మూడూ కుదురుతాయి. "నేను ఏనుగుకు సాయం చేయడానికి వెళ్లాను, ఏనుగే నాకు పాఠం నేర్పింది" అని చివరి పేరా రాసుకోవచ్చు. ఆ పేరా రాయించడానికి కన్సల్టెంట్లు కూడా ఉన్నారు. ఒక్కో ఏనుగు ఇప్పటికి ఎంతమందిని ఏయే యూనివర్సిటీల్లో కూర్చోబెట్టిందో ఎవరైనా లెక్క తీస్తే, మన కార్పొరేట్ కాలేజీలు దాని ఫోటోతో మొదటి పేజీ ప్రకటన వేసుకుంటాయి.

ఏనుగు వైపు నుంచి చూస్తే మాత్రం ఇది నాలుగో ఉద్యోగం.

మొదటిది దుంగలు లాగడం. 1988 నవంబరులో దక్షిణ థాయ్‌లాండ్‌లో భారీ వానలు కురిసి, చెట్లు నరికేసిన కొండలు జారి, మొద్దులూ బురదా కలిసి ఊళ్ల మీద పడ్డాయి. వందల మంది పోయారు. 1989 జనవరిలో ప్రభుత్వం సహజారణ్యాల్లో కలప నరకడాన్ని నిషేధించింది. చేయాల్సిన పనే చేసింది. దుంగలు లాగే ఏనుగుకూ, దాని మావటికీ దానితోపాటే పని పోయింది. రోజుకు రెండు క్వింటాళ్లు తినే నిరుద్యోగిని ఇంట్లో పెట్టుకుని ఎవరు మేపగలరు? రెండో ఉద్యోగం బ్యాంకాక్ వీధుల్లో. తోకకు ఎర్రదీపం కట్టుకుని, రాత్రిపూట కార్ల మధ్య నడుస్తూ, చెరకు ముక్కలు కొని తనకే పెట్టమని జనాన్ని అడుక్కోవడం. మూడోది సర్కసు లాంటిది. వీపు మీద ఇనప కుర్చీ, కుర్చీలో టూరిస్టులు, మధ్యమధ్యలో బంతాట, తొండంతో కుంచె పట్టి బొమ్మలు గీయడం. ఏనుగు గీసిన ఏనుగు బొమ్మ కొనుక్కుని మురిసిపోయినవాళ్లకు, పక్కనే నిలబడ్డ మావటి చెవి లాగుతూ గీత గీతకూ దారి చూపిస్తున్నాడని తట్టలేదు.

అంబారీ సవారీ పాపమని పాశ్చాత్య టూరిస్టులకు తెలిసొచ్చాక నాలుగో ఉద్యోగం వచ్చింది. కాపాడబడటం. అన్నిటికంటే కష్టమైన కొలువు ఇదే. దుంగ లాగేటప్పుడు ఏనుగు ముఖం ఎలా ఉన్నా ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు పొద్దస్తమానం సంతోషంగా కనిపించాలి. క్యాంపు యజమానికి పెద్ద ఖర్చేమీ కాలేదు. కుర్చీలు దింపి షెడ్డులో పడేశాడు, పెయింటర్ని పిలిచి బోర్డు మీద 'సవారీ' తుడిపించి 'శరణాలయం' రాయించాడు. ఏనుగు అదే, మావటి అదే, వాగు అదే.

అడవి ఏనుగును థాయ్‌లాండ్‌లో వన్యప్రాణి చట్టం కాపాడుతుంది. పెంపుడు ఏనుగు మాత్రం 1939 నాటి బరువులు మోసే పశువుల చట్టం కింద, ఎద్దు, గుర్రం, గాడిదల వరసలో ఉంటుంది. థాయ్‌లాండ్ సియాంగా ఉన్నప్పుడు జెండా మీద ఊరేగిన జంతువది. ఇప్పుడు దాన్ని కొనొచ్చు, అమ్మొచ్చు, అద్దెకివ్వొచ్చు.

కాపాడే కార్యక్రమంలో పతాక సన్నివేశం స్నానం. వాలంటీర్లు ఈత దుస్తుల్లో వాగులోకి దిగి, బకెట్లతో నీళ్లు చిమ్ముతూ, కొబ్బరి పీచుతో వీపు రుద్దుతారు. అంతకుముందు బురద గుంటలో ఒక విడత ఉంటుంది, దాన్ని స్పా అంటారు. ఏనుగుకు స్నానం చేయడం రాదని ఎవరన్నారో తెలియదు. తొండమే చెంబుగా పుట్టిన జీవి అది. ఒడ్డెక్కగానే ఒంటి నిండా దుమ్ము చల్లుకుంటుంది. గజస్నానమని మన పెద్దలు దాన్ని వేళాకోళం చేశారు గానీ, ఎండ మండకుండా, ఈగలు కుట్టకుండా ఆ దుమ్మే దాని ఒంటికి కాపు. పొద్దుటి బ్యాచి రుద్ది కడిగేస్తుంది. అది మళ్లీ చల్లుకుంటుంది. మధ్యాహ్నం బ్యాచి మళ్లీ కడుగుతుంది. అడవిలో ఏనుగు రోజులో పదహారు, పద్దెనిమిది గంటలు మేతకే తిరుగుతుంది. ఇక్కడ దాని టైము టేబులు వ్యాను డ్రైవరు చేతిలో ఉంది.

ఇంకో మాట ఎవరూ అడగరు. మూడు టన్నుల జంతువు చుట్టూ ముక్కూముఖం తెలియని పదిమంది బకెట్లతో కేరింతలు కొడుతుంటే అది కదలకుండా ఎందుకు నిలబడింది? ప్రేమతో కాదు. గున్నగా ఉన్నప్పుడే తల్లి నుంచి విడదీసి, కొయ్య బోనులో బిగించి, కొట్టి, పస్తులుంచి లొంగదీసే పద్ధతి ఒకటి అక్కడ తరతరాలుగా ఉంది. ఫాజాన్ అంటారు. అలాగో, మరో రకంగానో లొంగదీసిన ఏనుగే పరాయివాడి చేతిని ఒంటిమీద పడనిస్తుంది. అంటే మన దయామయుడు నిమురుతున్న ఆ ఒద్దికంతా వాడు ఏ క్రూరత్వానికి కన్నీరు కార్చి టికెట్ కొన్నాడో దాని ఫలమే. నిమిరేవాళ్ల వరస పెరిగేకొద్దీ లొంగదీయాల్సిన గున్నల వరసా పెరుగుతుంది. గున్న ధర పది లక్షల బాత్‌ల పైమాటే మరి, గిరాకీ ఉన్న సరుకు.

ఇది నా ఒక్కడి అనుమానం కాదు. వరల్డ్ యానిమల్ ప్రొటెక్షన్ సంస్థ థాయ్‌లాండ్, భారత్‌తో సహా ఆరు ఆసియా దేశాల్లో 3,837 టూరిజం ఏనుగుల్ని చూసి 2020లో నివేదిక ఇచ్చింది. 63 శాతం దారుణమైన స్థితిలో ఉన్నాయి. బాగున్నవి 7 శాతం. ఇక 2025 జనవరిలో థాయ్ దీవి కో యావ్ యాయ్‌లో ఇలాగే ఏనుగుకు స్నానం చేయిస్తున్న ఇరవై రెండేళ్ల స్పెయిన్ విద్యార్థిని దాని దంతం పోటుకు చనిపోయింది. తప్పు ఆ పిల్లదా, ఏనుగుదా అని లోకమంతా వాదించుకుంది. మర్నాడు మిగతా వాగుల్లో వ్యాన్లు టైముకే వచ్చాయి.

మావటి దగ్గరికి వద్దాం. ఫోటోల్లో అతను ఎప్పుడూ చివర సగం తెగిపోయి కనిపిస్తాడు. వాలంటీరు వారం లద్దె ఎత్తితే సేవ, మావటి బతుకంతా ఎత్తితే ఉద్యోగం, అదీ చాలీచాలని జీతానికి. ఏనుగు అతనిదో, బంధువులదో అయి ఉంటుంది, క్యాంపుకు అద్దెకిచ్చి దానివెంటే తనూ వస్తాడు. అతని అసలు నైపుణ్యం ఇప్పుడు దాచడంలో ఉంది. రాత్రి గొలుసు వేయక తప్పదు. వేయకపోతే ఏనుగు పొరుగువాడి మొక్కజొన్నలో పడుతుంది, తెల్లారేసరికి చేను ఉండదు, పరిహారం మావటి నెత్తిన పడుతుంది. కానీ గొలుసు చూస్తే వాలంటీరు మనసు విరిగిపోతుంది, మనసు విరిగితే రివ్యూలో నక్షత్రాలు రాలిపోతాయి. కాబట్టి వ్యాను మోత వినపడగానే గొలుసు మాయం. అంకుశం సంచిలోకి పోతుంది. కొన్నిచోట్ల అరచేతిలో ఇమిడే మేకు దాని పని చేస్తుంది. ఇంత నాటకం ఆడించేది మన సున్నితత్వమే. ఏనుగు వీపు మీది కుర్చీ చూసి ఏడ్చినవాళ్లం, ఆ కుర్చీ తీసి కళ్లకు గంతలు కట్టుకున్నాం.

2020లో వ్యాన్లు ఆగిపోయాయి. కోవిడ్‌తో విమానాలు బందై, డాలరు రావడం మానగానే చియాంగ్ మాయ్ చుట్టుపక్కల క్యాంపుల్లో ఏనుగులకు మేత కరువైంది. అప్పుడు వందకు పైగా ఏనుగులు మావటీల వెంట కాలినడకన, కొన్నయితే 150 కిలోమీటర్ల దాకా కొండదారి పట్టి, మే చేమ్ లాంటి చోట్ల సొంత పల్లెలకు తిరిగి వెళ్లాయి. రోజుల తరబడి నడిచాయి. ఊళ్లో మాత్రం ఏముంది? ఆ కొండల్లో చాలా భాగం ఎప్పుడో అడవి పోయి మొక్కజొన్న అయిపోయింది. ఆ మొక్కజొన్న కూడా కంపెనీల కోళ్లకు, పందులకు దాణా. ఏనుగు కాలు పెడితే పక్కింటివాడితో పేచీ. అయినా ఆ పల్లెలే వాటిని మేపాయి. కరెన్ కుటుంబాలు తమ తిండికే తడుముకుంటున్న రోజుల్లో అరటి బోదెలు నరికి, గడ్డి కోసి ఏనుగుల ముందు వేశాయి. ఏనుగులతో పల్లెలో ఉండి సేవ చేయడమంటే సరిగ్గా అదే కదా. ఆ బ్యాచికి సర్టిఫికెట్లు ఇవ్వలేదు. విమానాలు తెరుచుకోగానే వ్యాన్లు వచ్చాయి, ఏనుగులు కొండ దిగాయి, మళ్లీ మోక్షం మొదలైంది.

అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం, ఒప్పుకుంటాను. సవారీ వద్దని టూరిస్టులు పట్టుబట్టబట్టే ఎన్నో వీపులకు కుర్చీలు తప్పాయి. వాలంటీర్లు కట్టే డబ్బుతోనే నిజంగా ముసలి ఏనుగుల్ని సాకుతున్న చోట్లు కొన్ని ఉన్నాయి. లంపాంగ్‌లో 1993లో ఏనుగుల ఆసుపత్రి పెట్టారు. 1999లో సరిహద్దు అడవిలో మందుపాతర మీద కాలేసిన మొతాలా అనే ఏనుగుకు అక్కడే చికిత్స చేసి, పదేళ్ల తర్వాత కృత్రిమ పాదం అమర్చారు. అక్కడ పనికొచ్చింది పశువైద్యం, కట్టు, మందు, ఏళ్ల తరబడి ఓపిక. పదిహేడేళ్ల కుర్రాడి రెండు వారాల కరుణతో కాలి ఎముక అతకదు. కరుణ ఉన్న కుర్రాడు వెటర్నరీ చదువుతానంటే ఇంట్లో ఏమంటారో మనకు తెలుసు. "కంప్యూటర్ సైన్సు వదిలేసి పశువుల డాక్టరా?"

ఏనుగంటే అంత ప్రాణమైతే మన దగ్గరా ఉన్నాయి, నమస్కారం పెట్టి తప్పుకోవాల్సిన ఏనుగులు. పార్వతీపురం మన్యంలో ఒడిశా వైపు నుంచి దిగిన గుంపు వరీ అరటీ చెరకూ తొక్కుకుంటూ ఏళ్లుగా తిరుగుతోంది. పలమనేరు, కుప్పం వైపు రైతులు పంట చేతికొచ్చే వేళ రాత్రుళ్లు టార్చిలైట్లు, టపాకాయలు పట్టుకుని కాపలా ఉంటారు. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన ఒక్క ఏనుగు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు రైతుల్ని చంపింది. ఆంధ్రప్రదేశ్ వైపు గుంపుల్ని అడవికి మళ్లించడానికే 2025 మేలో కర్ణాటక నుంచి నాలుగు కుంకీల్ని, అంటే తర్ఫీదిచ్చిన ఏనుగుల్ని, తెచ్చుకున్నారు. ఇక్కడ ఏనుగును వెంబడించి ఊరికి కబురు చెప్పే ట్రాకర్లు గిరిజన, పేద రైతు కుటుంబాల కుర్రాళ్లు. వాళ్లతో ఒక రాత్రి తిరగడానికి ఏ ప్యాకేజీ లేదు, ఏ ఇంటర్నేషనల్ స్కూలూ బస్సు పంపదు. ఈ ఏనుగు ఉండలు అడగదు, వీపు రుద్దనివ్వదు.

అయినా మీవాడికి థాయ్‌లాండే కావాలి, టికెట్లు బుక్ చేసేశారంటారా? సరే. డబ్బు కట్టే ముందు క్యాంపువాళ్లని ఒక్కటే అడగండి, ఏనుగును ముట్టుకోనిస్తారా అని. ముట్టుకోవచ్చు, స్నానం చేయించవచ్చు, ఎన్ని ఫోటోలైనా దిగవచ్చు అన్నారంటే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. ముట్టుకోనివ్వం, దూరంగా గట్టు మీద నిలబడి చూడాలి, ఏనుగు చెట్ల వెనక్కి పోతే మేం పిలవం అన్నారంటే అక్కడికి పంపండి. వెళ్లినవాణ్ని మావటికి జీతమెంతో కనుక్కోమనండి, తక్కువైతే ఆ మాట రివ్యూలో రాయమనండి. అలాంటి చోట్లు తక్కువే గానీ ఉన్నాయి. ఫోటోలు మాత్రం అంత బాగా రావు.